పాత ఈసీజీ ఉందా అని అడిగిన ఆ అమ్మాయికి కృతజ్ఞతలు

కర్నూలు పెద్దాసుపత్రి గుండె జబ్బుల విభాగంలోని ఈసీజీ టెక్నీషియన్ అమ్మాయికి, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు గారికి, నందికొట్కూరు నుంచి మమ్మల్ని అప్పటికప్పుడు తీసుకొచ్చిన మా వీధి ఆటో అన్నకు మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు. పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాన్నకు హార్ట్ ఫెయిల్యూర్ ఉందని మాకు ముందే తెలుసు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, రక్తాన్ని తోడి పంపే బలమే తగ్గుతుంది. మందులు వాడుతున్నారు, ఉప్పు తగ్గించారు. అయినా ఈమధ్య నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, రెండు దిండ్లు లేనిదే నిద్ర పట్టదు. కాళ్లు ఎప్పుడూ కొంత వాచే ఉంటాయి కనుక వాపు ఎవరికీ కొత్తగా అనిపించలేదు. అంతకుముందు చూపించిన చోట ఈసీజీ తీసి, గుండెపోటు లక్షణాలు లేవని పంపేశారు. ఆ మాట నిజమే, కానీ నాన్న కష్టం గుండెపోటు కాదు.

పెద్దాసుపత్రిలో ఆ అమ్మాయి ముందుగా అడిగిన మాట: "పాత ఈసీజీ తెచ్చారా అమ్మా?" అమ్మ ఫైలు తీసింది. అసలు కాగితం సగం వెలిసిపోయింది. అది వేడితో ముద్ర పడే కాగితమట, కొన్నాళ్లకు గీతలు మాయమవుతాయట. ఆ సంగతి తెలిసి అప్పట్లోనే జిరాక్సు తీసి ఫైల్లో పెట్టిన మా ఊరి మందుల షాపు తమ్ముడికి కూడా ఈ కృతజ్ఞతల్లో భాగముంది.

ఆమె పనితీరు చెప్పకుండా ఉండలేను. నాన్న ఛాతీ మీద పక్కటెముకల సందులను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, నాలుగో సందు దగ్గర మొదటి రబ్బరు బుడ్డి పెట్టింది. "పెద్దాయనా, చేతులు వదులుగా పెట్టండి, మామూలుగా ఊపిరి తీసుకోండి" అంది. బుడ్డీలు కాస్త అటూ ఇటూ అయినా గీతల ఎత్తు మారిపోతుందని, అప్పుడు పాతదానితో పోల్చడం దండగని చెప్పింది. కాగితం అంచున ఉన్న కొలత గుర్తు రెండింటిలోనూ పది చిన్న గడులే ఉందని సరిచూశాకే డాక్టరు గారికి ఇచ్చింది.

డాక్టరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పరిచారు. ఒకే లీడులో, అంటే గుండెను ఒకే కోణం నుంచి చూపే గీతలో, పాతదాంట్లో ఎనిమిది చిన్న గడులు లేచిన గీత, కొత్తదాంట్లో నాలుగు దాటలేదు. ఒంట్లో నీరు చేరితే గుండె పుట్టించే విద్యుత్తు చర్మం దాకా రాకముందే, తడిసిన గోడలో కరెంటు లీకైనట్టు, దారిలోనే చెదిరిపోతుందని వివరించారు. అంతమాత్రాన ఆయన నిర్ణయానికి రాలేదు. గుండె చుట్టూ నీరు చేరినా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా గీతలు ఇలాగే పొట్టివవుతాయని ఎకో (గుండె స్కానింగు), ఎక్స్‌రే తీయించారు, మెడ నరం చూశారు, బరువు తూచారు. ఆ తర్వాతే ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే లాసిక్స్ ఇంజెక్షన్లు నరంలోకి మొదలుపెట్టారు. మూత్రంతో పొటాషియం కూడా పోతుందని, అది తగ్గితే ఈసీజీలో ప్రతి గుండె చప్పుడు గీత చివర వచ్చే 'టి' (T) అలలు చదునవుతాయని రక్తపరీక్ష కూడా విడవకుండా చేయించారు.

వాపు దిగింది, బరువు తగ్గింది, గీతలు మళ్లీ లేచాయి. డిశ్చార్జి రోజు తీసిన ఈసీజీని డాక్టరు గారు మా చేతికిచ్చి, "ఇకపై పోల్చాల్సింది దీనితోనే, నీరు లేనప్పటిది ఇదే" అన్నారు. రోజూ పొద్దున్నే బరువు చూసుకోమని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా రమ్మని చెప్పారు. ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉన్నవాళ్లంతా దయచేసి పాత ఈసీజీకి ఒక జిరాక్సు తీసి, తేదీ వేసి ఉంచుకోండి. ఫోనులో ఫొటో కూడా తీసుకోండి.

ఆటో అన్నా, కిరాయి ఇస్తే తీసుకోలేదు మీరు. దసరాకు వదినను, పిల్లలను వెంటబెట్టుకుని మా ఇంటికి భోజనానికి రావాలి. నాన్నే వచ్చి పిలుస్తానంటున్నారు.