మనం రోజూ వెళ్లే దారి కింద

సంపాదకుడు గారికి నమస్కారం.

మేం టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాం. డల్లాస్ డౌన్‌టౌన్‌లో ఆఫీసు కావడంతో పన్నెండేళ్లుగా సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీదే నా రాకపోకలు. లెమన్ అవెన్యూ దగ్గర ఒక రాతి ద్వారం, కంచు విగ్రహాలు ఉంటాయి. ఏదో పార్కు అనుకునేదాన్ని. ఫిబ్రవరిలో మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం మొదటిసారి అక్కడ ఆగాం. అది పార్కు కాదు, ఫ్రీడ్‌మన్స్ సెమెటరీ. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారు తమవాళ్ల కోసం సొంతంగా కొనుక్కున్న శ్మశానం.

టెక్సాస్‌లో బానిసలకు విముక్తి ప్రకటించింది 1865 జూన్ 19న. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1869లో, ఇక్కడివాళ్లు ఎకరం నేల కొన్నారు. అప్పటిదాకా తమ శరీరాల మీదే తమకు హక్కు లేని మనుషులు వాళ్లు. స్వేచ్ఛ వచ్చాక తొలి రోజుల్లోనే చనిపోయినవాళ్లకు సొంత జాగా ఉండాలని తలచారు. ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తర్వాత ఆ శ్మశానం నాలుగెకరాలైంది. 1907లో మూసేశారు. 1940లలో ఎక్స్‌ప్రెస్‌వే వేసినప్పుడు దాదాపు ఒక ఎకరం సమాధుల మీదుగానే రోడ్డు వెళ్లింది. చుట్టూ ఉన్న నల్లజాతి పేట కూడా ఆ రోడ్డుతో రెండు ముక్కలైంది. జనం చెదిరిపోయారు. ఇక ఆ సమాధుల తరఫున అడిగేవాళ్లు ఎవరుంటారు?

అడిగినవాళ్లు ఉన్నారు. 1980ల చివర్లో రోడ్డు వెడల్పు చేయబోతే స్థానిక నల్లజాతి చరిత్రకారులు, చర్చిలవాళ్లు ముందుకొచ్చి, కింద మనుషులున్నారని పట్టుబట్టారు. 1991 నుంచి 1994 దాకా పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే 1,157 మంది అవశేషాలు బయటపడ్డాయి. వాటిలో పసిపిల్లలవి ఎన్నో. గుండీలు, నాణేలు, బొమ్మలు కూడా దొరికాయి. అన్నిటినీ జాగ్రత్తగా నమోదు చేసి పక్కనే మళ్లీ ఖననం చేశారు. శిల్పి డేవిడ్ న్యూటన్ విగ్రహాలతో 1999లో స్మారకం వెలిసింది. సంకెళ్లతో కూలబడ్డ మనిషి విగ్రహం ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడి, "వీళ్ల పేర్లు ఎందుకు లేవమ్మా?" అంది.

హ్యూస్టన్ దగ్గర షుగర్ ల్యాండ్‌లో కూడా మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ 2018లో ఒక స్కూల్ కడుతుండగా 95 మంది అవశేషాలు బయటపడ్డాయి. పద్నాలుగేళ్ల కుర్రాడి నుంచి డెబ్భై ఏళ్ల ముసలాయన దాకా ఉన్నారు వాళ్లలో. ఖైదీలను చెరకు తోటలకు అద్దెకిచ్చే పద్ధతిలో పని చేస్తూ చనిపోయిన నల్లజాతివాళ్లు. ఆ చుట్టుపక్కల సమాధులు ఉన్నాయని జైలులో పనిచేసి మానేసిన రెజినాల్డ్ మూర్ అనే ఆయన చాలా ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. 2019 నవంబర్‌లో వాళ్లను మళ్లీ అక్కడే ఖననం చేశారు. మూర్ 2020లో చనిపోయారు.

ఇదంతా మీకు ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు మనం వాస్తు చూస్తాం, స్కూల్ రేటింగ్ చూస్తాం, పక్కన శ్మశానం ఉందేమోనని కంగారు పడతాం. ఆ నేల ఒకప్పుడు ఎవరిదో మాత్రం అడగం. టెక్సాస్ చట్టం ప్రకారం ఒకసారి శ్మశానమైన నేలను కోర్టు అనుమతి లేకుండా ఇంకో పనికి వాడకూడదు. రాళ్లు పోయినా, పేర్లు పోయినా ఆ హక్కు పోదు. పాత సమాధి అన్న అనుమానం వస్తే కౌంటీ (మన జిల్లా లాంటిది) హిస్టారికల్ కమిషన్‌కు, అంటే స్థానిక చరిత్రను కాపాడే సంఘానికి, చెప్పడం మన బాధ్యత. ఇల్లు అమ్ముడుపోదేమోనన్న టెన్షన్‌తో ఊరుకోవడం సరికాదు. నల్లజాతి శ్మశానాల సంరక్షణకు గ్రాంట్లు ఇచ్చేందుకు 2022 డిసెంబర్‌లో కేంద్ర స్థాయిలోనే చట్టం వచ్చింది. ఇక్కడ ఓటు హక్కున్న మనవాళ్లు దానికి నిధుల గురించి తమ కాంగ్రెస్ సభ్యులను అడగవచ్చు.

జూన్ 19 ఇప్పుడు దేశమంతా సెలవు. ఆ వారాంతంలో మన సంఘాలవాళ్లు క్రికెట్ టోర్నమెంట్లు పెడతారు, పిక్నిక్‌లు పెడతారు. వాటితో పాటు ఒక పొద్దున పిల్లలను తీసుకుని లెమన్ అవెన్యూ దాకా వెళ్దాం. మీ ఎన్నారై పేజీలో ఈ శ్మశానాల గురించి ఒక పూర్తి కథనం వేయమని కోరుతున్నాను. డల్లాస్ స్మారకం దగ్గర మేం తీసిన ఫొటోలు ఉన్నాయి, కావాలంటే పంపుతాను.

— ఒక పాఠకురాలు, ప్లేనో, టెక్సాస్