తొడలో విరిగింది ఒక్కటే అనుకోకు

చిన్నీ,

ఆర్థోలో, అదే ఎముకల వార్డులో, పోస్టింగ్ పడిందని నాన్న చెప్పారు. రిటైరయ్యేదాకా ఆ వార్డులోనే ఉన్నదాన్ని, నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను.

ముసలివాళ్ళకి బాత్రూంలో జారినా తుంటి విరుగుతుంది. పాతికేళ్ళ కుర్రాడికి విరిగిందంటే బైకు లారీని గుద్దో, కారులో మోకాలు డాష్‌బోర్డుకి కొట్టుకునో ఉండాలి. అంత దెబ్బ ఒక్కచోట ఆగదు. తొడ ఎముక మధ్యలో విరిగి కాలు వంకరపోతే అందరి కళ్ళూ అక్కడే. అదే ఎముక పైన, తుంటి దగ్గర ‘మెడ’ అనే సన్నటి భాగం ఒక్కోసారి సన్నగా చీలి ఉంటుంది, ఎక్స్‌రేలో ఆనదు. రాడ్డు వేశాక జరిగిపోయి బయటపడుతుంది. తుంటికి సీటీ స్కాన్ తీశారా అని ముందే అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

నాకెక్కువ భయం వేరే దాంతో. తొడ పైభాగం ముక్కలైనప్పుడు లోపలివైపు బుడిపె, మీ లెస్సర్ ట్రోకాంటర్, ఊడి పక్కనున్న లోతు ధమనిని గీకుతుంది. అరుదే. ఆపరేషన్ బాగానే అవుతుంది. కొన్నాళ్ళకి, ఒక్కోసారి వారాలకి, తొడ బిగిసి ఉబ్బుతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. రక్తం ఎక్కిస్తే మళ్ళీ పడిపోతుంది. చీము పట్టిందేమో అని సూది గుచ్చబోతారు. అప్పుడు ఆపు. చెయ్యి పెట్టి చూడు, లోపల కొట్టుకుంటోందేమో. పాదంలో నాడి బాగుందిగా అని ధైర్యపడకు, ఆ ధమని తొడకండరాలది, పాదానికి పోయేది కాదు. సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్, తీస్తే రక్తపు సంచి కనిపిస్తుంది, రేడియాలజీవాళ్ళు చాలాసార్లు కోత లేకుండానే కాయిల్, అంటే సన్నటి తీగచుట్ట, పెట్టి మూసేస్తారు.

మొదటి మూడు రోజులూ ఊపిరి గమనించు. ఆయాసంతోపాటు మాట తడబడినా, చంకల్లో ఎర్రటి చుక్కలు కనిపించినా, విరిగిన ఎముకలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి చేరిందేమో, పెద్ద డాక్టరుగారిని నిద్రలేపు.

ఇక తొడ ఎముక తల, తుంటి గిన్నెలో తిరిగే గుండ్రటి భాగం. దానికి రక్తం తెచ్చే నాళాలు మెడని అంటిపెట్టుకుని పోతాయి. అవి తెగితే ఎముక అతికినా తల చచ్చిపోవచ్చు, ఏడాది రెండేళ్ళకి కూడా. అమెరికా ఆటగాడు బో జాక్సన్‌కి 1991 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తుంటి దెబ్బతిని అదే అయింది, 1992లో కృత్రిమ తుంటి పెట్టారు. 1993లో తన రెండో ఆట బేస్‌బాల్ మళ్ళీ ఆడాడనుకో. మన ఆటోడ్రైవర్లకి అలాంటి రెండో ఆట ఎక్కడిది?

తుంటి నొప్పి ఒక్కోసారి మోకాల్లో తెలుస్తుంది, వాళ్ళేమో మోకాలికి తైలం రాసుకుంటూ కూర్చుంటారు. అందుకే డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్దక్షరాలతో రాయి: గజ్జల్లోగాని మోకాల్లోగాని నొప్పి మొదలైతే వెంటనే వచ్చి తుంటి ఎక్స్‌రే తీయించుకోవాలి.

అమ్మ