మీ జాలీలోంచి ఆవాలు జారుతున్నాయి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: 'పురుగు దూరదు' అని పెట్టె మీద అచ్చేసి అమ్మిన ఈస్ట్ జాడీ మూత గురించి, అంతకన్నా ముఖ్యంగా దాని గురించి అడిగినందుకు మీవాళ్లు పెట్టిన తిప్పల గురించి.

అయ్యా,

మూత సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది, ముందు అది చెప్పేస్తాను. మీ పాత మూతకు సన్న స్టీలు జాలీ ఉండేది. కొత్తదానికి ప్లాస్టిక్ జాలీ వేశారు, దాని కంతల్లోంచి అరటిపండ్ల మీద ముసిరే సన్న ఈగలు నేరుగా, బ్రెడ్డు పొంగడానికి మేం పులియబెట్టి పెంచే ఈస్ట్ మిశ్రమం, అంటే స్టార్టర్‌లోకి దిగుతున్నాయి. వస్తువన్నాక లోపం ఉంటుంది, మార్చి ఇస్తే ఊరుకునేదాన్ని. చెప్పింది వినే మనిషి మీ దగ్గర ఒక్కరూ దొరకలేదు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం.

మీ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం 3 నొక్కమంటుంది. నొక్కితే హిందీలో పలుకుతారు. వరంగల్‌లో పెరిగినవాళ్లకు హిందీ ఒక లెక్క కాదు, మాట్లాడతాం. మరి తెలుగు అని ఊరించడం దేనికి? సరే, ఆ సంగీతమంతా విన్నాక దొరికినాయన 'జార్' అనే మాట చెవిన పడగానే మిక్సీ విభాగానికి మళ్లించాడు. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా "మేడమ్, బ్లేడు తిరుగుతోందా? ప్లగ్గు తీసి మళ్లీ పెట్టి చూశారా?" అని అడిగింది. ఇది గాజు సీసా తల్లీ, దీనికి కరెంటుతో పని లేదు అన్నాను. "ఓకే మేడమ్, పవర్ రావట్లేదని రాసుకుంటున్నా" అంది. ఆ రాత ఇప్పటికీ చెరగలేదు. మీరు పంపే ప్రతి మెయిలు నెత్తినా 'సమస్య: పవర్ రావడం లేదు' అనే ఉంటుంది. నమ్మకం లేకపోతే మీరే తీసి చూసుకోండి.

తర్వాత ఈగ ఫోటో కావాలన్నారు. పంపాం. స్పష్టంగా లేదు, పక్కన స్కేలు పెట్టి తీయమన్నారు. బతికున్న ఈగ స్కేలు పక్కన బుద్ధిగా నిలబడుతుందా? సబ్బునీళ్లలో మునిగినదాన్ని తీసి, తెల్లకాగితం మీద ఆరబెట్టి, కొలిచి పంపాం: పొడవు రెండున్నర మిల్లీమీటర్లు, ఒళ్లు వెడల్పు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాంతో పాటు ఒక వీడియో. మూతను పళ్లెం మీద పట్టుకొని, జాలీలో గుప్పెడు సన్న ఆవాలు పోసి ఊపితే గింజ వెనక గింజ కంతలోంచి జారి స్టీలు పళ్లెంలో టపటపా పడటం కనబడుతుంది, వినబడుతుంది కూడా. ఆవగింజ దూరిన చోట ఆ ఈగ దూరదా? కంత ఒక మిల్లీమీటరు లోపు ఉంటేనే ఈ జాతి ఆగుతుంది. కిటికీలకు కొట్టే మామూలు దోమల జాలీ కూడా దీనికి పనికిరాదు. ఇదంతా వివరంగా రాస్తే మీ జవాబు ఒక్క వాక్యం: "ఫోటోలో ఉత్పత్తి పూర్తిగా కనిపించడం లేదు, మా కంపెనీ ఆవాలు విక్రయించదు." ఆహా!

ఆ పైన 'టెక్నికల్ టీం' వచ్చింది. జాలీకి టేపు వేసి మూత గట్టిగా బిగించమని సలహా. ఈస్ట్ జాడీలు అమ్మే కంపెనీలో టెక్నికల్ మనిషి ఆడాల్సిన మాటేనా అది? లీటరు సీసాలో 100 గ్రాముల స్టార్టర్‌కు 100 గ్రాముల పిండి, 100 గ్రాముల నీళ్లు కలిపితే మన దగ్గరి వేడికి నాలుగైదు గంటల్లో రెట్టింపవుతుంది. ఆ పొంగంతా కార్బన్ డయాక్సైడే. దారి మూసేస్తే సీసా పగులుతుంది. కిస్‌మిస్ నీళ్లతో చేసే స్టార్టరైతే మరీ ప్రమాదం, నీళ్లు పిండిలా గ్యాసును పట్టి ఉంచవు, ఒత్తిడంతా మూత మీదే పడుతుంది. ఇది చెబితే ఆయన కాసేపు ఆగి, "అయితే మా ఎయిర్‌లాక్ కొనండి మేడమ్, ఆఫర్ నడుస్తోంది" అన్నాడు. ఫిర్యాదు చేసినవాళ్లకే ఇంకో వస్తువు అంటగట్టే మీ తెలివికి దండం పెట్టాలి. ఎయిర్‌లాక్, అంటే లోపలి గ్యాసును బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని నీళ్ల గొట్టం, మంచి వస్తువే, కాదనను. కానీ ఈస్ట్ పెరుగుతున్న దశలో దానికి గాలి ఆడాలి, అందుకే స్టార్టర్‌కు జాలీనో గుడ్డనో కడతారు. పైగా మే నెలలో ఎయిర్‌లాక్‌లో పోసిన నీళ్లు మన ఎండకు చూస్తుండగానే ఆవిరైపోతాయి, ఎండిన గొట్టం ఈగకు రాచబాట. సీసాను చల్లటి చోట పెడితే లోపలి గాలి ముడుచుకొని, మీరు అమ్మే మూడు ముక్కల రకం గొట్టంలోని నీళ్లను, అందులో మునిగి చచ్చిన ఈగలతో సహా, స్టార్టర్‌లోకి లాగేసుకుంటుంది. వంపులు తిరిగిన రకమైతే కొంత నయం. అది మీ దగ్గర లేదు.

ఫ్రిజ్‌లో పెట్టమన్నారు ఇంకొకరు. నిల్వ చేయడానికి అది సరే. తెల్లవారి బ్రెడ్డుకు పొంగాల్సిన స్టార్టర్‌ను 4 డిగ్రీల్లో పెడితే నిద్రపోతుంది తప్ప పొంగదు. పురుగుల స్ప్రే కొట్టమన్న మహానుభావుడి గురించి నేనేం రాయను, పిండి పిసికే బల్ల పక్కన ఆ మందు కొట్టి చేసిన బ్రెడ్డు ముందు ఆయనకే పంపాలి.

వీళ్లందరినీ ఓర్చుకున్నాను. "ఒక్క ఈగే కదా మేడమ్, తీసి పారేయండి, అసలు మీ ఇంట్లో శుభ్రత ఎలా ఉంది?" అన్న మాట దగ్గర మాత్రం నా ఓపిక అయిపోయింది.

శుభ్రతా? వినండి. సీసా అంచున, జాలీ మీద ఎండిన పిండి చుక్క ఉంటే ఈగకు అదే పిలుపు, అందుకే పిండి కలిపిన ప్రతిసారీ అంచును వేడినీళ్లలో ముంచిన గుడ్డతో తుడుస్తాం. సింకు గొట్టంలో రాత్రిపూట మరిగిన నీళ్లు పోస్తాం, ఎందుకంటే అందులో పేరుకున్న జిగటలోనూ ఇవి పిల్లలు పెడతాయి. ముగ్గిన పండ్లు, తడి మాపు గుడ్డ ఆ గదిలో ఉండవు. చీమలకు సీసాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, నీళ్లలో చుక్క సబ్బు వేస్తాం, లేకపోతే దుమ్ము పేరుకున్న నీటి మీద అవి నడిచిపోతాయి. ఈగలకు గిన్నెలో నాలుగు చెంచాల వెనిగర్, రెండు చుక్కల అంట్ల సబ్బు పోసి ఎర పెడతాం. వెనిగర్ లేని రోజు పుల్లబడ్డ ఈత కల్లు ఇంకా బాగా పనిచేస్తుంది. ఆ ఎరను స్టార్టర్ పక్కన కాదు, గదికి అవతలి మూల పెట్టాలి, పక్కనే పెడితే మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు. ఇవన్నీ చేసినా జగిత్యాల మామిడి అయిపోయి తొలకరి పడే రోజుల్లో ఇవి ఎక్కడినుంచో ఊడిపడతాయి. నడి వేసవి వేడికి తగ్గి, వాన చల్లదనానికి విజృంభించడం వాటి స్వభావం. అందుకే జాలీ ఉన్న మూత కొంటాం. శుభ్రతతో పని జరిగిపోతే మీకెందుకు డబ్బులు కట్టడం?

ఇక 'ఒక్క ఈగే కదా' అన్నదానికి. ఆడ ఈగ లోపలికి దూరనక్కర్లేదు, జాలీ మీద వాలి గుడ్లు పెడితే చాలు. గుడ్డు అర మిల్లీమీటరు. 25 డిగ్రీల వేడిలో ఒక్కరోజులో పగిలి, దారం ముక్కలాంటి పురుగు కంతలోంచి పిండిలోకి జారుతుంది. పది రోజులు తిరిగేసరికి అది మళ్లీ ఈగ. ఈగ కాళ్ల మీద, కడుపులో ఎసిటిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా ఉంటుంది, దానికి గాలి, ఆల్కహాలు దొరికితే కిస్‌మిస్ నీళ్లు వెనిగర్ దారి పడతాయి. పైన పల్చటి పొర కడుతుంది, ముక్కు ఘాటెక్కుతుంది, ఆ పులుపులో ఈస్ట్ నీరసపడి బ్రెడ్డు సరిగ్గా పొంగదు. ఈగను చెంచాతో తీసి పారేస్తే అది వదిలి వెళ్లినవి పోతాయా? సీసా మొత్తం పారబోసి, మరిగే నీళ్లతో కడిగి, ఫ్రిజ్‌లో దాచిన పాత స్టార్టర్‌తో మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంత చెప్పాక మూత మార్చి పంపారు. పెట్టె విప్పితే అదే ప్లాస్టిక్ జాలీ, అవే కంతలు. ఆ సాయంత్రమే 'మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని మెసేజ్. మళ్లీ ఫోన్ చేస్తే మూసేసిన ఫిర్యాదును తెరవడం కుదరదన్నారు. కొత్తది పెడితే, పాతది పరిష్కారమైంది కాబట్టి కొత్తది చెల్లదన్నారు. సూపర్‌వైజర్ గారు తిరిగి చేస్తామన్నారు. ఆయన ఫోను కూడా మా జాడీలాగే 'పవర్ రావడం లేదు' ఖాతాలో పడిందేమో. చివరికి ఒకరు కొత్త మెలిక పెట్టారు: బేకరీలో వాడితే వారంటీ వర్తించదట. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవాళ్లూ వినియోగదారులేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది, మీ లాయరును అడగండి.

మీ పాత మూత చూసే హనుమకొండలో, కాజీపేటలో ఇళ్లలో బ్రెడ్డు చేసే ఆడవాళ్లందరికీ మీ జాడీయే కొనమని చెప్పాం. పైసా కమిషను అడగలేదు. ఇప్పుడు వాళ్లంతా నన్నే అడుగుతున్నారు. ప్రస్తుతానికి మీ 'పురుగు దూరని' మూత పక్కన పెట్టేసి, నేత దగ్గరగా ఉన్న నూలు దస్తీని రెండు మడతలు వేసి, అంచు కిందికి లాగి రబ్బరు బ్యాండు బిగించమని చెబుతున్నాను. ఈగలు ఆగుతున్నాయి. దస్తీ మీద మీ కంపెనీ బొమ్మ లేదు, అదొక్కటే లోటు.

నాకు కావలసింది పాత స్టీలు జాలీ మూతలు. నాకొక్కదానికే కాదు, మా మాట మీద కొన్నవాళ్లందరికీ. దాంతో పాటు 'పవర్ రావడం లేదు' కొట్టేసి అసలు ఫిర్యాదు రాయాలి. పెట్టె మీది ఆ మాట తీసేస్తారో, జాలీ మారుస్తారో అది మీ ఇష్టం.

ఇది అందిన 15 రోజుల్లో మనిషి సంతకంతో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. కొన్నవాళ్లు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. మీ వెబ్‌సైట్లో కొన్నాం కాబట్టి 2020 ఈ-కామర్స్ నిబంధనలు మీకూ వర్తిస్తాయి: ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ నెల ఎప్పుడో దాటింది. ఆవాల వీడియో కమిషన్‌కూ ఇస్తాను, అక్కడైనా ఎవరో ఒకరు చూస్తారు.

మూత వాపసు తీసుకోవడానికి మనిషిని పంపితే ముందు ఫోన్ చేసి రమ్మనండి. పొద్దున పదకొండు దాకా ఓవెన్ దగ్గరే ఉంటాం, ఎత్తడం కుదరదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్, హనుమకొండ

జతపరచినవి: బిల్లు నకలు, రెండు మూతలు పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో, ఈగ ఫోటో (స్కేలుతో), ఆవాల వీడియో, మీ 'పరిష్కరించబడింది' మెసేజ్.