లా అధ్యాపకుల పరిశోధనకు మార్కులు వేసే ముందు

సంపాదకుడు గారికి,

నమస్కారం. లాసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడితే మదనపల్లె నుంచి శ్రీకాళహస్తి దాకా తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఆ కాలేజీకి ఎన్నో ర్యాంకు అనే. కేంద్రం ఉన్నత విద్యాసంస్థలకు ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో న్యాయవిద్యకు 2018 నుంచి విడిగా జాబితా వస్తోంది. వంద మార్కుల్లో 30 పరిశోధనకు, వృత్తిపరమైన పనికి కేటాయించారు. అందులో పెద్ద వాటా గత మూడేళ్లలో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేసులకు ఎక్కిన వ్యాసాలది, వాటికి వచ్చిన సైటేషన్లది, అంటే ఇతరుల వ్యాసాలు వాటిని ఉదహరించిన సందర్భాలది. రసాయనశాస్త్రానికి ఈ కొలత చాలావరకు సరిపోతుంది. లా దగ్గరికి వచ్చేసరికి అసలు సరుకు జల్లెడలోంచి జారిపోతుంది.

అమెరికాలో ఈ లెక్క వేరే విధంగా వేస్తారు. బ్రయన్ లైటర్ అనే లా ప్రొఫెసర్ మొదలుపెట్టిన పద్ధతిని మరో లా ప్రొఫెసర్ గ్రెగరీ సిస్క్ బృందం 2012 నుంచి మూడేళ్లకోసారి కొనసాగిస్తోంది. టెన్యూర్ (శాశ్వత నియామకం) పొందిన అధ్యాపకుల జాబితా తీసుకుంటారు. గత ఐదేళ్లలో లా జర్నళ్లలో ఒక్కొక్కరి పనిని ఎన్ని వ్యాసాలు ఉదహరించాయో వెస్ట్‌లా అనే న్యాయ డేటాబేస్‌లో వెతుకుతారు. ఆ రచన ఐదేళ్ల కిందటిదైనా, నలభై ఏళ్ల కిందటిదైనా లెక్కలోకి వస్తుంది. తర్వాత సగటును రెండింతలు చేసి దానికి మధ్యగతాన్ని, అంటే అంకెలను వరసగా పేరిస్తే సరిగ్గా నడిమిన వచ్చేదాన్ని, కలుపుతారు. మధ్యగతం ఎందుకంటే, ఒక విభాగంలో ఐదుగురి సైటేషన్లు 200, 12, 9, 4, 0 అనుకుందాం. ఇంకో విభాగంలో 60, 50, 45, 40, 30. రెండుచోట్లా మొత్తం 225, సగటు 45. సగటు ఒక్కటే చూస్తే రెండూ సమానం. మధ్యగతం కలిపితే మొదటిదానికి 99, రెండోదానికి 135. ఒక్క పెద్దాయన పేరు మీద నడిచే విభాగమేదో, అందరూ పనిచేసే విభాగమేదో తేలిపోతుంది.

అయితే ఆ పద్ధతిని ఉన్నది ఉన్నట్టు ఇక్కడికి దింపుకుంటే కుదరదు. అక్కడి లా జర్నళ్లలో ఒక్కో వ్యాసానికి వందల ఫుట్‌నోట్లు ఉంటాయి, అవన్నీ పూర్తి పాఠంతో ఒకేచోట వెతకడానికి దొరుకుతాయి. మనకు అలాంటి ఒకే గిడ్డంగి లేదు. అక్కడ కూడా యూఎస్ న్యూస్ పత్రిక హైన్‌ఆన్‌లైన్ అనే లా జర్నళ్ల డేటాబేస్‌తో ఇలాంటి ర్యాంకు ఇస్తామని 2019లో ప్రకటించి, పుస్తకాలూ ఇతర శాస్త్రాల జర్నళ్లూ లెక్కకు రావడం లేదన్న విమర్శలు చుట్టుముట్టాక 2021లో వదిలేసింది.

లాలో ప్రభావం అంటే ఏమిటో మన దేశంలోనే చూడవచ్చు. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసులో ఇద్దరు పోలీసులను సుప్రీంకోర్టు 1978లో నిర్దోషులుగా వదిలేసింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడాన్ని సమ్మతిగా ఎలా లెక్కిస్తారని అందులో నిలదీశారు. దేశమంతా మహిళా సంఘాలు కదిలాయి, విషయం లా కమిషన్‌కు చేరింది, 1983లో చట్టమే మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో సమ్మతి లేదని బాధితురాలు చెబితే కోర్టు అలాగే భావించాలన్న 114-ఎ సెక్షన్ సాక్ష్యాధార చట్టంలోకి అప్పుడే వచ్చింది. నేటి లెక్క ప్రకారం ఆ లేఖకు మార్కులు సున్నా.

మూడేళ్ల గడువు చేసే నష్టం ఇంకొకటి. జర్మన్ పండితుడు డీట్రిష్ కొన్రాడ్ 1965లో బనారస్‌లో రాజ్యాంగ సవరణాధికారానికి ఉండే పరిమితుల మీద ఉపన్యసించారు. జస్టిస్ ఖన్నా ఆయన మాటలను తీర్పులో ఉటంకించింది 1973లో, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని తేల్చిన కేశవానంద భారతి కేసులో. అంటే ఎనిమిదేళ్లకు.

మన ప్రాంతానికి వస్తే చుక్కల భూములు (రికార్డుల్లో యజమాని పేరున్న చోట చుక్కలు పెట్టినవి), అసైన్డ్ భూముల బదలాయింపు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితా, దేవాలయ ఇనాములు ఇక్కడి కోర్టుల్లో నిత్యం నలిగేవి. తిరుమల అర్చకుల వంశపారంపర్య మిరాశీ హక్కులను రద్దు చేసిన 1987 దేవాదాయ చట్టాన్ని సుప్రీంకోర్టు 1996లో సమర్థించింది. వీటి మీద ఎంత లోతుగా రాసినా విదేశీ జర్నల్‌లో ఉదహరించేవాళ్లు ఎందరుంటారు? తెలుగులో రాస్తే ఇక చెప్పనక్కర్లేదు. ర్యాంకు కోసం ఇక్కడి అధ్యాపకులు అసైన్డ్ భూముల చట్టం పక్కన పెట్టి, ఎక్కడైనా చెల్లుబాటయ్యే కృత్రిమ మేధ మీద వ్యాసం రాస్తే వాళ్లను తప్పుపట్టలేం.

పేర్ల తకరారు ఇంకా పెద్దది. ఈ డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. దాంతో కె. మునిరెడ్డి కాస్తా ఒకచోట ‘మునిరెడ్డి కె’, ఇంకోచోట ‘రెడ్డి కె.ఎం.’ అవుతారు. లక్ష్మిని ఒక జర్నల్ ఎక్స్‌తో రాస్తుంది, ఇంకొకటి కె-ఎస్-హెచ్‌తో. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అధ్యాపకురాలి పాత వ్యాసాలు వేరే మనిషి ఖాతాలో ఉండిపోతాయి. ఒకరే మూడు ప్రొఫైళ్లుగా చీలితే వ్యాసాలనూ సైటేషన్లనూ కలిపి చూసే హెచ్-ఇండెక్స్ అంకె పడిపోతుంది. పదిమంది రెడ్లు ఒకే ప్రొఫైల్‌లో కలిస్తే లా టీచరు లెక్కలో మందుల తయారీ వ్యాసాలు వచ్చి కూర్చుంటాయి. దీనికి మందు ఉంది, ఖర్చు లేదు: ప్రతి అధ్యాపకుడూ పరిశోధకులను నమోదు చేసే ఆర్కిడ్ వెబ్‌సైట్‌లో 16 అంకెల గుర్తింపు సంఖ్య తీసుకుని ఇకపై ప్రతి వ్యాసం మీదా వేయాలి. పాతవాటికి పేరు రూపాలన్నీ రాసుకుని విడివిడిగా వెతకాలి. ఫలితాలు వందల్లో వస్తే 50 తెరిచి చూడాలి. అందులో 15 వేరేవాళ్లవైతే మొత్తంలో 30 శాతం కోసేయాలి.

ఉన్నత విద్యామండలి తలుచుకుంటే రాష్ట్రంలోని లా విభాగాలకు సరైన లెక్క వేయించడం కష్టమేమీ కాదు. ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాలతో మొదలుపెట్టవచ్చు. ఒక తేదీ నాటికి ఉన్న రెగ్యులర్ అధ్యాపకుల జాబితా, ఐదేళ్ల సైటేషన్లు, అందులోంచి ఎవరి వ్యాసాన్ని వాళ్లే ఉదహరించుకున్నవి తీసివేత. పక్కనే రెండో పట్టికలో తీర్పుల్లో, లా కమిషన్ నివేదికల్లో, శాసనసభ కమిటీ పత్రాల్లో వచ్చిన ఉదహరణలు. సుప్రీంకోర్టు 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్ అనే తన వెబ్‌సైట్‌లో తీర్పులను ఉచితంగా ఉంచింది కాబట్టి పేరు కొట్టి వెతకడం లైబ్రరీ సిబ్బంది చేయగల పనే. ఈ రెండు పట్టికలనూ కలిపి ఒకే అంకెగా చేయకూడదు. జర్నల్‌లో వంద సైటేషన్లకు తీర్పులో ఒక్క పేరా సమానమా, రెండు పేరాలా అని తేల్చే త్రాసు ఎవరి దగ్గరా లేదు.

ఆరుగురికంటే తక్కువ అధ్యాపకులున్న విభాగానికి ర్యాంకు ఇవ్వకపోవడమే మంచిది. అక్కడ ఒకరు రిటైరైతే పది స్థానాలు తారుమారవుతాయి. మిగతావాటికీ 17, 18 అని వరస అంకెలు కాకుండా, దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఒకే గుంపులో చూపాలి. ప్రకటనకు నెల ముందే పట్టికలను వెబ్‌సైట్‌లో పెట్టి, అధ్యాపకుల నుంచి అభ్యంతరాలు తీసుకోవాలి.

ఇట్లు,
ఒక న్యాయ గ్రంథాలయ ఉద్యోగి,
తిరుపతి