అక్కి రాయించేలోపే మూడు రోజులు గడిచిపోతున్నాయి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తమిళనాడు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను చెన్నై పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగు ఇంటి ఆడపిల్లని. ఈ ఉత్తరం తమిళంలో రాసి మీ కార్యాలయానికి పోస్టులో పంపాను. మళ్ళీ తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. తెల్లవారకముందే చీపురు పట్టుకుని ఈ నగరం వీధులు ఊడ్చేవాళ్ళలో ఎందరో ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వ్యాసర్పాడి, కొరుక్కుపేట వైపు వెళితే వీధి కుళాయి దగ్గర మన భాషే వినిపిస్తుంది. అక్కి రోగం గురించి, దానికున్న మందు గురించి మీకు చెప్పుకునే ఈ సంగతి వాళ్ళకీ తెలియాలి.

మా అమ్మకు 68 ఏళ్ళు. పదమూడేళ్ళుగా షుగరు ఉంది. పోయిన ఏడాది ఆడి మాసంలో ఒక రాత్రి ఎడమ పక్కటెముకల కింద మంట అంది. నిప్పు కణిక పెట్టి అదిమినట్టు ఉందంది. గుండె నొప్పేమోనని ఆటోలో వేసుకుని పరుగెత్తాం. ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు, గ్యాస్‌కి మాత్ర ఇచ్చారు. అప్పటికి ఒంటి మీద ఏమీ లేదు కాబట్టి ఆ డాక్టరును నేను తప్పు పట్టను. ఈ జబ్బు చాలాసార్లు అలాగే మొదలవుతుందట, ముందు నొప్పి, తర్వాత దద్దు.

మంగళవారం సాయంత్రం అమ్మ స్నానం చేస్తుంటే ఎర్రటి మచ్చలు కనిపించాయి. బుధవారానికి వాటి మీద నీటి పొక్కులు లేచాయి. వీపు మధ్య నుంచి రొమ్ము కింద దాకా, సగం వడ్డాణం పెట్టినట్టు, ఎడమ పక్కన మాత్రమే. కింద వాటాలో ఉండే ఆవిడ చూడగానే "అక్కి" అంది. మా పెద్దమ్మ ఫోన్లోనే "సర్పి, నడుము చుట్టూ తిరిగి కలిసిందంటే ప్రాణం మీదికి వస్తుంది" అని ఏడ్చింది. అంటే అయ్యా, చదువుకున్న డాక్టరు కంటే ముందు మా వీధే ఈ రోగాన్ని గుర్తుపట్టింది. పేరుతో సహా గుర్తుపట్టింది. నా బాధంతా ఆ తర్వాత జరిగిన దాని గురించే.

అక్కి వస్తే ఈ ఊళ్ళో మొదట ఎక్కడికి వెళతారో మీకు నేను చెప్పక్కర్లేదు. కుమ్మరి ఇంటికి. గురువారం పొద్దున్నే అమ్మను తీసుకెళ్ళాం. ఆ పెద్దాయన కావి రాయి అరగదీసి, పుల్లతో పొక్కుల చుట్టూ బొమ్మ గీసి, చేతిలో ఉంచింది తీసుకున్నాడు. ఇంత ఇవ్వమని అడగలేదు. మూడు పొద్దులు రాయించుకోవాలన్నాడు. చల్లగా ఉందని అమ్మ ఆ రోజు కాస్త నిద్రపోయింది కూడా. ఆయన మీద నాకు గౌరవం ఉంది. మందులు లేని కాలంలో ఒక మనిషి ఇంకో మనిషి నొప్పి మీద చెయ్యి వేసిన పద్ధతి అది. కానీ ఇప్పుడు మందు ఉంది. ఆ మందుకు గడువు కూడా ఉంది. ఆ గడువు మాకు ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం మందుల షాపులో అడిగితే పూతమందు ఒకటి చేతిలో పెట్టారు. శనివారం మా దగ్గర్లోని ఒక క్లినిక్‌లో ఎలర్జీ అన్నారు, నొప్పికి ఇంజెక్షన్ వేశారు. ఆదివారం అన్నీ మూసి ఉంటాయి. సోమవారం షుగరు మాత్రలు ఇవ్వడానికి, ఇంటికే మందులు తెచ్చే ప్రభుత్వ పథకం 'మక్కళై తేడి మరుత్తువం' అమ్మాయి వచ్చింది. అమ్మ వీపు చూసి ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎన్ని రోజులైంది? అక్కా, ఇవాళే స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, మాత్ర ఉంది దీనికి" అంది. ఆమెకు ఎలా తెలుసని తర్వాత అడిగాను. వాళ్ళ పిన్నికి వచ్చిందట. అందుకని తెలుసు.

డాక్టరు గారు మొదట అడిగింది కూడా అదే, దద్దు ఎప్పుడు కనిపించిందని. ఆరో రోజు అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. మొదటి మూడు రోజుల్లో, అంటే 72 గంటల్లో మొదలుపెడితే ఈ మందు బాగా పనిచేస్తుందని చెప్పారు. కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నాయి కాబట్టి ఇప్పుడైనా ఇద్దాం అన్నారు. ముందు రక్తంలో క్రియాటినిన్ చూపించమన్నారు, కిడ్నీలు ఎలా ఉన్నాయో దాంతో తెలుస్తుంది. ఈ మందు కిడ్నీల ద్వారా బయటికి పోతుందట. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకు డోసు తగ్గించకపోతే మనిషి అయోమయంలో పడి ఏదేదో మాట్లాడే ప్రమాదం కూడా ఉందట. అమ్మకు రిపోర్టు బాగానే వచ్చింది. వాలాసైక్లోవిర్ ఒక గ్రాము మాత్ర, రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు, నీళ్ళు బాగా తాగమన్నారు. 21 మాత్రలకు వెయ్యి రూపాయలు దాటింది. మేము పెట్టుకోగలిగాం.

ఆ రాత్రుళ్ళు అమ్మ పక్కన కూర్చుని ఈ రోగం గురించి దొరికిందల్లా చదివాను. అమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు నెల్లూరులో ఆటలమ్మ పోసిందట, వేపమండలు కట్టి ఇంట్లో పడుకోబెట్టారట. అప్పటి వైరసే ఇది. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపూస పక్కన నరాల మొదళ్ళలో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు మీద పడినప్పుడో, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో లేచి, తానున్న ఒక్క నరం వెంట చర్మం దాకా వస్తుంది. నరం ఒక పక్కదే కాబట్టి పొక్కులూ ఒక పక్కనే. పెద్దమ్మ భయపడ్డట్టు నడుము చుట్టూ తిరిగి కలవడం మామూలుగా జరగదు. అమెరికాలో వేసిన లెక్క ప్రకారం ముగ్గురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది.

దీనికి వాడే ఎసైక్లోవిర్ కొత్త మందేమీ కాదు. నలభై ఏళ్ళు దాటింది. ఆ పరిశోధనను నడిపించిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో ఇతరులతో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. వైరస్ చేరిన కణంలోకి ఈ మందు వెళితే, ఆ వైరస్ సొంత ఎంజైమే దాన్ని పనిలోకి దించుతుంది. అలా పనిలోకి దిగిన మందు వైరస్ తన నకళ్ళు తీసుకోకుండా మధ్యలో తెంపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణాల జోలికి పెద్దగా పోదు. చదువుతుంటే ఆ శాస్త్రవేత్తలకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. వాలాసైక్లోవిర్ అంటే ఒంట్లోకి వెళ్ళాక ఎసైక్లోవిర్‌గా మారేదే, కాకపోతే కడుపులోంచి బాగా ఒంటబడుతుంది. ఇవి వైరస్ పెరుగుదలను ఆపగలవు కానీ, అప్పటికే దెబ్బతిన్న నరాన్ని బాగుచేయలేవు. అందుకే మొదటి మూడు రోజులకు అంత విలువ. ఈ దద్దుకు షాపులో ఇచ్చే పూతమందు ఆ పని చేయదు, కడుపులోకి మాత్ర వెళ్ళాలి.

అమ్మ పొక్కులు మూడు వారాల్లో ఎండిపోయాయి. నొప్పి పోలేదు. ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ ఎడమ పక్కన నూలు చీర పైట తగిలితే ఉలిక్కిపడుతుంది. ఫ్యాను గాలి తగిలినా మంటే. మనవరాలు పరుగెత్తుకొచ్చి ఒళ్ళో పడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పాప ముఖం చూసి అమ్మ ఏడ్చింది, అమ్మను చూసి నేను. నరాల నొప్పికి ప్రీగాబాలిన్ ఇస్తున్నారు. దాంతో తల తిరిగి ఒకసారి బాత్రూంలో పడింది. సమయానికి వచ్చి ఉంటే ఈ నొప్పి వచ్చేదే కాదా అని డాక్టరు గారిని అడిగాను. అలా గ్యారంటీ ఇవ్వలేను, కానీ పొక్కులు త్వరగా మానేవి, అప్పటి నొప్పి కూడా త్వరగా తగ్గేది అన్నారు. ఆ మాత్రం అవకాశమైనా అమ్మకు దక్కాల్సింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు ఇష్టం లేకపోయినా. డాక్టరు చీటీ మీద అక్కికి 'హెర్పిస్ జోస్టర్' అని పేరు రాసి ఉంది. మా తమ్ముడు ఫోన్లో హెర్పిస్ అని కొట్టి చూసి ముఖం మాడ్చుకున్నాడు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. అమ్మ కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని అనుమానంగా చూశారు. ఆటలమ్మ వైరస్ వేరు, పెదవి మీద, మర్మస్థానంలో పుండ్లు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వేరు. కుటుంబం ఒకటే కానీ రోగాలు వేరు. ఈ సంగతి తెలిశాక తమ్ముడు అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

కానీ మంత్రి గారూ, "మాది ఆ హెర్పిస్ కాదు" అని చెప్పుకుని ఊపిరి పీల్చుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆ హెర్పిస్ వచ్చినవాళ్ళు ఏం పాపం చేశారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్ళలోపు వాళ్ళలో సుమారు 380 కోట్ల మందిలో మొదటి రకం సింప్లెక్స్ వైరస్ ఉంది. చాలామందికి చిన్నప్పుడే, ముద్దులతో, ఎంగిలితో వస్తుంది. వాళ్ళకీ ఇదే మందు, డోసే వేరు. వాళ్ళకీ పుండు లేచిన మొదటి రోజే మాత్ర పడితే త్వరగా తగ్గుతుంది. సిగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్ళక, ఎవరో చెప్పిన పూత పూసుకుని వారాల తరబడి బాధపడతారు. మన దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులు 1986లో బయటపడింది ఈ నగరంలోనే. డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల ఆ పరీక్షలకు పూనుకున్నారు. పైకి చెప్పుకోలేని రోగం గురించి కూడా గట్టిగా మాట్లాడటం అప్పటినుంచి ఈ ఊరు నేర్చుకుంది. హెర్పిస్ గురించి మాట్లాడలేదా?

నేను కోరేది కొత్త ఆసుపత్రి కాదు. మీ శాఖ దగ్గర ఉన్నవాటితోనే అయ్యే పని. మందులు కొని ఊరూరా పంపడంలో 1994లో మొదలైన మన మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్‌ను దేశమంతా చెప్పుకుంటుంది. ఎసైక్లోవిర్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందే. చెన్నైలోని ప్రతి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పూర్తి కోర్సుకు సరిపడా మాత్రలు ఎప్పుడూ ఉండేలా చూడండి. వీలైతే వాలాసైక్లోవిర్ కూడా ఇవ్వండి. ఎందుకంటే ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు వేసుకోవాలి. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళి ఎండలో బండి తోసే మనిషికి ఐదుసార్లు మాత్ర, ఐదుసార్లు నీళ్ళు ఎక్కడ కుదురుతాయి? మూడుసార్లయితే కుదురుతుంది.

కళ్ళ సంగతి మరీ ముఖ్యం. నుదుటి మీద, కనురెప్ప మీద, ముక్కు కొన మీద పొక్కులు వస్తే అది కంటిలోకి దిగి చూపు పోవచ్చు. అలాంటివాళ్ళను ఆ రోజే ఎగ్మోరు కంటి ఆసుపత్రికి పంపాలని ప్రతి నర్సుకూ తెలియాలి. 1819 నుంచి ఉన్న ఆసుపత్రి మన నగరంలో ఉండగా కావి పూసుకుని కన్ను పోగొట్టుకోకూడదు. టీకా మాట కూడా ఆలోచించండి. 50 ఏళ్ళు దాటినవాళ్ళకు రెండు డోసుల టీకా 2023లో మన దేశంలోకి వచ్చింది, కానీ ఖర్చు వేలల్లో. షుగరున్న ముసలివాళ్ళకు, కీమో తీసుకునేవాళ్ళకు మీ శాఖ ఏదైనా చేయగలిగితే ఎందరో దీవిస్తారు.

అన్నిటికంటే ముందు చేయదగ్గది ఇంకొకటి ఉంది. ఇంటింటికీ షుగరు, బీపీ మాత్రలు తెచ్చే ఆ ఆడపిల్లలకు ఒక పూట నేర్పించండి. ఒక పక్కనే పట్టీలా పొక్కులు, వాటికి ముందు నుంచే మంట, ఇంతే గుర్తు. వాళ్ళ చేతికి ఒక కాగితం ఇవ్వండి, ఒక వైపు తమిళం, ఒక వైపు తెలుగు. అందులో షింగిల్స్ అనో జోస్టర్ అనో దీని ఇంగ్లీషు పేర్లు రాస్తే మా వీధిలో ఎవరికీ అర్థం కాదు. పెద్ద అక్షరాలతో 'అక్కి' అని రాయండి. డాక్టరు చీటీ లేకుండా మందు వాడొద్దని రాయండి, కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పమని రాయండి. పొక్కులు ఎండేదాకా గర్భిణులనూ, పసిబిడ్డలనూ దూరంగా ఉంచమని రాయండి, ఎందుకంటే ఆ నీటి నుంచి వాళ్ళకు ఆటలమ్మ రావచ్చు. ఒక కాగితం కుమ్మరి పెద్దాయన ఇంట్లో కూడా అంటించండి. ఆయన్ను తిట్టాల్సిన పని లేదు, బెదిరించాల్సిన పని అంతకన్నా లేదు. నేను ఈ మధ్య వెళ్ళి అమ్మ సంగతి చెబితే ఆయన చాలాసేపు తల వంచుకుని విన్నాడు. "ఇక మీద వచ్చినవాళ్ళకు ముందు ఆసుపత్రికి పొమ్మని చెబుతానమ్మా, ఎక్కడికి పొమ్మనాలో మాత్రం నాకు చెప్పు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మా ఏరియాలో ఫలానా చోట ఈ మందు తప్పకుండా దొరుకుతుందని నేను చెప్పలేకపోయాను. వచ్చే నెల మొదటి వారంలో మాత్రల అమ్మాయి మళ్ళీ మా ఇంటికి వస్తుంది, మా తర్వాత వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ వెళుతుంది. ఈలోగా ఆయనకు చెప్పాల్సిన ఆ చిరునామా మీ శాఖ నుంచి వస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక కూతురు