ఆవకాయ జాడీతో పంపిన ఉత్తరం

తాడేపల్లిగూడెం,
జూన్ 12

చి.ల.సౌ. అమ్మడుకి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. తలవడం తప్ప తెలుసుకునే దారి లేదు కనుక తలుస్తాను.

ఇదేంటి, అమ్మ ఉత్తరం రాసిందేంటి అని కంగారు పడకు. బాబ్జీ ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు. ఆవకాయ జాడీ పంపుతున్నాను, జాడీ ఒక్కటే పంపితే బాగుండదని నాలుగు ముక్కలు రాస్తున్నాను, అంతే. ఈసారి కాయ కొత్తపల్లి కొబ్బరి. ముక్క గట్టిగా ఉంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైనా ఇక్కడ చినుకు లేదు. మీ నాన్న అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుంటారు, నేను ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా "వచ్చిందా?" అంటారు. ఏం వచ్చిందా అని అడిగితే వాన సంగతి అంటారు.

ఇరవై మూడు రోజులైంది. నేనేమీ లెక్క పెట్టలేదు. పాల లెక్క రాసుకునే కాలెండర్లో నీ ఫోను వచ్చిన రోజున చిన్న గీత గీస్తాను కదా, అందుకని తెలిసింది.

మొన్న సుజాత పిన్ని వచ్చింది. వాళ్ళ కోడలి పుట్టింటివాళ్ళు ఉండేది మీ పక్క అపార్ట్‌మెంటే కదా. కాఫీ తాగుతూ మాటల్లో మాటగా చెప్పింది, మీ కుక్కపిల్లని శంకరపల్లి వైపు ఎవరిదో తోట ఉంటే అక్కడికి ఇచ్చేస్తున్నారని. ఇల్లంతా పాడు చేస్తోందట. రాత్రిళ్ళు బాత్‌రూములో పెట్టి గడియ వేస్తే అది ఏడ్చిన ఏడుపుకి కింద ఫ్లాటువాళ్ళు పైకి వచ్చారట. అల్లుడుగారు ఆఫీసు నుంచి రాగానే కావాలని ఆయన బూట్ల దగ్గరే పోస్తోందట. సుజాత చెప్పేవాటిలో సగం కల్పితమని నాకు తెలుసు. కానీ ఏ సగమో తెలియదు, అదీ నా బాధ.

ఆ రోజు ఫోనులో నేనేదో అన్నానని మీ నాన్న అంటున్నారు. నాకైతే గుర్తు లేదు.

సరే, అది వదిలెయ్. నిన్న కూరగాయలకి వెళ్ళొస్తుంటే మన పాత వీధి పశువుల డాక్టరుగారు కనిపించారు. రిటైరైనా మనిషి అలాగే ఉన్నారు, అదే స్కూటరు. ఊరికే మాటవరసకి అడిగాను, మూడు నెలల కుక్కపిల్ల ఎంతసేపు ఆపుకోగలదండీ అని. నెలకో గంట, పైన ఇంకో గంట వేసుకోండి అన్నారు. అంటే మీదానికి మహా అయితే నాలుగు గంటలు, అదీ పడుకుని ఉంటే. ఆడుతూ ఉంటే గంట కూడా ఆగదట. మీరిద్దరూ తొమ్మిదింటికి తలుపు వేసి ఆరింటికి తీస్తే మధ్యలో అదేం చెయ్యాలి? పనమ్మాయికి నెలకి ఇంకొంచెం ఇచ్చి మధ్యాహ్నం ఒకసారి రమ్మను.

ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పినదాన్ని, నాకు ఇది కొత్త కాదు. బళ్ళు తెరిచిన మొదటివారం గదిలో ఏదో ఒక మూల తడిగానే ఉండేది. చిటికెన వేలు పైకెత్తి "ఒంటికి టీచర్" అనడం వచ్చాకే అ ఆలు. వేలెత్తినవాణ్ణి ఇప్పుడేగా వెళ్ళొచ్చావ్ అని కూర్చోబెడితే బల్ల తడిసేది, తుడిచేది నేను. కుక్కపిల్లకి ఎత్తడానికి వేలు లేదు. ఆడుతున్నది ఆడుతున్నట్టే ఆగిపోయి, ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరిగితే అదే వేలెత్తడం. నువ్వు ఫోను చూసుకుంటూ కూర్చుంటే అది కనపడదు. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న పది పదిహేను నిమిషాలకి ఒకసారి, ఆడాక ఒకసారి, మీరు పడుకోబోయే ముందు ఒకసారి తీసుకెళ్ళాలి, ఎప్పుడూ ఒకే చోటికి. తిండి వేళకి పెడితే రెంటికి కూడా వేళకే వెళ్తుంది. నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టు, గిన్నె రోజంతా నేల మీద ఉంచకు. నీళ్ళు మాత్రం పగలు ఆపొద్దు. నువ్వు తాగుతున్నావా నీళ్ళు? పోయినసారి వచ్చినప్పుడు పెదాలు పగిలి ఉన్నాయి.

కిందికి వీధిలోకి ఇప్పుడే వద్దు. టీకాలు పదహారు వారాల దాకా సాగుతాయట. ఈలోపు వీధికుక్కలు తిరిగే మట్టిలో వదిలితే పార్వో అనే జబ్బు అంటుకుంటుంది, అది నేలలో నెలల తరబడి బతికి ఉంటుందట. బాల్కనీలో ఒక మూల పేపర్లు పరుచు. తీసేసేటప్పుడు తడిసిన ముక్క ఒకటి కొత్తవాటి కింద ఉంచితే ఆ వాసనకి చోటు గుర్తు పడుతుంది. మీ నాన్న మూడు నెలల పేపర్లు కట్ట కట్టి పెట్టారు, బాబ్జీకి బరువని నేనే వద్దన్నాను. పాత పంచెలు చింపి జాడీ చుట్టూ చుట్టాను, తుడుచుకోవడానికి పనికొస్తాయి. ఇంట్లో పోసిన చోట ఫినాయిల్ వాడకు, అది నాకుతుంది. అమ్మోనియా ఉండే వాటితో తుడిస్తే మరీ పొరపాటు, దానికి అదీ ఉచ్చ వాసనలాగే ఉంటుందట. ముందు పంచెముక్కతో అద్ది, వెనిగరు, నీళ్ళు సగం సగం కలిపి తుడిచి, ఆరాక వంటసోడా చల్లి ఊడ్చెయ్.

మన కుక్క తుఫానుగాడు నీకు ఎంతవరకు గుర్తున్నాడో. నువ్వప్పుడు నా తరగతిలోనే ఉన్నావు. 1996 నవంబరు, ఆ తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయిన ఏడు. మీ నాన్న ఆఫీసువాళ్ళతో కలిసి అమలాపురం వైపు బియ్యం పంచడానికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు తువ్వాల్లో చుట్టి తెచ్చారు. అరచెయ్యంత ఉన్నాడు. అడక్కుండా తెచ్చారని నాకు కోపం. బడి, వంట, మీ నాయనమ్మ మందులు, నువ్వు, మధ్యలో ఇదొకటి. వారం తిరక్కుండానే అర్ధసంవత్సరం పరీక్షల పేపర్ల కట్ట మీద పోశాడు. నేను దిద్దనివి ముప్పై రెండు. సిరా అంతా అలుక్కుపోయి, ఎవడి పేపరు ఎవడిదో తెలియలేదు. చీపురు చేతిలోనే ఉంది. తిరగేసి రెండు వేశాను. ముక్కు తీసుకెళ్ళి అందులో రాశాను కూడా. అలా చేస్తే తెలుస్తుందని అప్పుడు అందరూ చెప్పేవాళ్ళు.

మర్నాటి నుంచి ఇల్లు పొడిగా ఉంది. చూశారా, రెండు దెబ్బలకి దారిలోకి వచ్చాడు అని మీ నాన్నతో గొప్పగా చెప్పాను. నెల గడిచింది. వంటింట్లో ఏదో వాసన. ఎలుక చచ్చిందనుకున్నాం. పండక్కి బూజులు దులుపుతూ బియ్యం డ్రమ్ము జరిపితే అడుగు చేతికి ఊడొచ్చింది. తుప్పు పట్టి, తినేసింది. కింది బియ్యం పచ్చగా ముద్దకట్టి ఉన్నాయి. నెల రోజులూ వాడు మానలేదే, నా ఎదుట మానాడు. ఇంట్లో పోస్తే కొడతారని కాదు, ఈవిడ చూస్తుండగా పోస్తే కొడుతుందని నేర్చుకున్నాడు. దాంతో దొడ్లోకి తీసుకెళ్ళినా నా ముందు పొయ్యడు, గంట నిలబెట్టినా పొయ్యడు. లోపలికి రాగానే డ్రమ్ము వెనక్కి.

అప్పుడు మీ నాయనమ్మ తీసుకుంది వాణ్ణి. కొంగు చివర జంతిక ముక్కలు ముడేసుకునేది. వాడు కళ్ళు తెరిచాడంటే చాలు, చంకనేసుకుని బాదంచెట్టు కిందికి వెళ్ళి దింపేది. "ఒంటికి పొయ్యరా నాన్నా, ఒంటికి" అని ఒకటే మాట, గొంతు పెంచకుండా, వేరే మాట లేకుండా. ఆవిడ మోకాళ్ళకి వంగడం ఎంత కష్టమో నీకు తెలియదు, ఇప్పుడు నాకు తెలుస్తోంది. వాడు పోసి లేచీ లేవకముందే ముడి విప్పి ముక్క నోట్లో పెట్టేది. నేనూ పెట్టానులే, లోపలికి వచ్చాక, చేతులు కడుక్కుని, డబ్బా తీసి. "అది లోపలికి వచ్చినందుకు పెట్టావు, పోసినందుకు కాదు" అంది. అత్తగారు కదా, నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు డాక్టరుగారూ అదే చెప్పారు, రెండు సెకన్లు దాటితే దేనికి మెచ్చుకున్నారో దానికి తెలియదని. రెండు వారాలకి వాడే వెళ్ళి దొడ్డి తలుపు గీకడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు తప్పాడు, ఆవిడ చూడనట్టే తుడిచేసింది.

అన్నీ నేర్చుకున్నాడు, నన్ను కూడా ఇష్టపడ్డాడు, బడి నుంచి వచ్చే వేళకి గేటు దగ్గర ఉండేవాడు. కానీ నేను చీపురు తీస్తే లేచి బయటికి వెళ్ళి కూర్చునేవాడు. ఊడ్చడం అయ్యాక వచ్చేవాడు. పదకొండేళ్ళూ. 2008లో వాడు పోయినప్పుడు నువ్వు విజయవాడ హాస్టల్లో ఉన్నావు, పరీక్షలయ్యేదాకా నీకు చెప్పలేదు. దానికీ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు నువ్వు.

ఎక్కడికో వెళ్ళిపోయాను. అల్లుడుగారి బూట్ల సంగతి. అది పొగరుతో చేసేది కాదని చెప్పు ఆయనకి. రెండోసారి వెళ్ళినప్పుడు అదే పనిగా అడిగాను డాక్టరుగారిని. పెద్దమనిషి మీదికి వంగితే కొన్ని పిల్లలు భయంతోనో, భక్తితోనో అలా వదిలేస్తాయట, అరిస్తే ఇంకా ఎక్కువవుతుందట. వచ్చీ రాగానే దాన్ని పలకరించకుండా, ఎత్తకుండా, పక్కకి తిరిగి కింద కూర్చోమను. అదే వస్తుంది. పెద్దయ్యేకొద్దీ చాలావాటికి తగ్గిపోతుందన్నారు. అలా కాకుండా అరగంటకోసారి చుక్కలు చుక్కలుగా పోస్తూ, మూలుగుతూ ఉంటే మాత్రం అది జబ్బు, అలవాటు కాదు. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, తీసుకెళ్ళండి.

బాత్‌రూములో వద్దమ్మా. చీకట్లో తల్లి లేని పిల్ల ఏడవక ఏం చేస్తుంది? మీ మంచం పక్కనే ఒక అట్టపెట్టె పెట్టు, లేచి వెనక్కి తిరిగేంత చోటుంటే చాలు. పడుకునే చోట అది పాడు చేసుకోదు. మరీ పెద్దది పెడితే ఒక మూల పడుకుని ఇంకో మూల కానిస్తుంది. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని ఒకసారి లేవాలి, లైట్లు వెయ్యకుండా, ఆటలాడించకుండా. నువ్వూ ఏడేళ్ళొచ్చేదాకా పక్క తడిపేదానివి, మీ నాయనమ్మే లేపేది. ఇది అల్లుడుగారికి చదివి వినిపించకు.

అసోసియేషన్‌వాళ్ళు ఏమైనా అంటే భయపడకు. మీ నాన్న కంప్యూటర్ సెంటర్లో కాగితం తీయించారు. పెంపుడు కుక్కలు ఉండకూడదని అపార్ట్‌మెంటువాళ్ళు ఎక్కువమంది కలిసి తీర్మానం చేసినా చెల్లదని, లిఫ్టు ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందట. జాడీ కింద పెట్టాం, మడత విప్పి చూడు. ఉల్లిపాయ పెట్టొద్దు దానికి, వండినది కూడా. ఉల్లిపాయలకి పేరుపడ్డ గూడెంలో ఇన్నేళ్ళుండి నాకు ఇది ఇప్పుడే తెలిసింది, తుఫానుగాడికి ఎన్ని పులుసన్నాలు పెట్టానో. ద్రాక్షలు, కిస్‌మిస్‌లు కూడా వద్దు. పాయసం గిన్నె నాకించకు.

పిల్లో పిల్లాడో కావాలంటే కుక్కని తెచ్చుకున్నారని అన్నానట. అని ఉంటాను. గుర్తు లేదని పైన రాశాను, కొట్టేస్తే బాగుండదని ఉంచాను. మీ నాన్న ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నువ్వు దాన్ని తోటకి పంపేది నా మాట మీద అయితే పంపకు. చేతకాక అయితే మళ్ళీ ఆలోచిద్దాం, ఇంకో మూడు నెలలు పోనీ. ఆరు నెలలొస్తే సగం బాధ తీరుతుంది.

నాకు మోకాలు చూపించుకోవాలి. ఇక్కడి డాక్టరు సరిగ్గా చూడట్లేదు. 21వ తేదీ గౌతమికి టిక్కెట్టు తీశారు మీ నాన్న. లింగంపల్లిలో దిగి ఆటోలో వస్తాను, స్టేషనుకి రావద్దు, ఆఫీసు మానొద్దు. ఒక పదిహేను రోజులు ఉంటాను. మోకాలి డాక్టరు దగ్గరికి ఒక పూట, మిగతా పూటలు ఇంట్లో ఖాళీయే. జంతికలు తెస్తున్నాను, దానికి ఉప్పు, కారం లేకుండా విడిగా చేశాను.

దాని పేరేమిటో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. సుజాతకి కూడా తెలియదు.

జాడీ నాలుగు రోజులు కదపకు, నూనె తేలాక కలుపు. తడి గరిటె పెట్టకు. నేల మీద పెట్టావంటే అది మూత లాగేస్తుంది, పైన అరలో పెట్టు.

అమ్మ