మా నాయనకు హెపటైటిస్ సి తగ్గింది, అందరికీ పేరుపేరునా దండాలు

మా నాయనకు హెపటైటిస్ సి, అంటే లివర్‌ను పాడుచేసే వైరస్ జబ్బు, పూర్తిగా తగ్గిపోయింది. మాత్రలు అయిపోయి 12 వారాలు నిండాక చేసిన వైరల్ లోడ్ టెస్టులో (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే టెస్టు) "నాట్ డిటెక్టెడ్", అంటే వైరస్ కనబడలేదని వచ్చింది. నాయన సరేనన్నాకే ఇది రాస్తున్నా.

హెర్నియా ఆపరేషన్ కోసం పోతే బయటపడిందిది. ముందు చేసే రక్త పరీక్షల్లో హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్ రాగానే ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు ఫైలు చేతిలో పెట్టి "మా దగ్గర కుదరదు" అన్నారు. అదేం జబ్బో, ఎక్కడికి పోవాలో ఒక్క ముక్క చెప్పలేదు. పత్తికొండకు తిరిగొచ్చే బస్సులో నాయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడంతే.

మొదటి దండం మా ఊరి ఆశా అక్కకు. చుట్టాలంతా పసరు మందు తాగించమంటుంటే, "పసరూ వద్దు ఏమీ వద్దు, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపో, దీనికి గవర్నమెంటే మందులిస్తుంది" అని తరిమింది. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద టెస్టులూ మందులూ ఉచితమని అప్పటిదాకా మాకు తెలియదు.

పెద్దాసుపత్రి ఓపీ సంగతి చెప్పేదేముంది, నంద్యాల నుంచి గద్వాల దాకా జనమంతా అక్కడే. అంత రద్దీలోనూ డాక్టర్ మేడం నాయనను కూర్చోబెట్టి చెప్పారు. మొదట చేసే కార్డు టెస్టు పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమేనట. కొందరికి దానంతటదే పోతుంది, ఇప్పుడుందో లేదో వైరల్ లోడ్ చూస్తేనే తెలుస్తుంది. నాయనకు ఉంది. లివర్ ఇంకా గట్టిపడలేదు కాబట్టి సోఫోస్బువిర్, డక్లాటాస్‌విర్ అనే మాత్రలు రోజుకొకటి చొప్పున 12 వారాలు రాశారు. హెపటైటిస్ బి కూడా చూశారు, బీపీ మాత్రల చీటీ అడిగి మరీ చదివారు. ఎట్లా వచ్చిందని నాయన అడిగితే, "పాత రోజుల సూదులు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఇప్పుడు తవ్వి లాభం లేదు పెద్దాయనా" అన్నారు. జ్వరమొస్తే సూది వేయించుకోందే ఊరుకోని మనిషి మా నాయన. ఒకే సూదిని నీళ్ళలో మరిగించి ఊరందరికీ వేసిన కాలం ఆయనది.

ఈ సోఫోస్బువిర్ 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. నాట్కో, హెటెరో లాంటి మన హైదరాబాద్ కంపెనీలు 2015లో తయారీ మొదలుపెట్టాకే ధర నేలకు దిగింది. అప్పటి అమెరికా ధర లెక్కన అయితే నాయన మింగినవి మా పొలం అమ్మినా వచ్చేవి కావు.

ఫార్మసీ అన్నకు ప్రత్యేకంగా చెప్పాలి. ఖాళీ సీసా చూపిస్తేనే కొత్తది ఇచ్చేవాడు. "ఏం పెద్దాయనా, ఒక్కటైనా మర్చిపోయినావా?" అంటూ సీసా బోర్లించి చూసేవాడు. నాయన కోసం కాకపోయినా ఆ అన్న కోసమన్నా మాత్ర తప్పేవాడు కాదు.

ఊర్లో సంగతి కాస్త చేదు. టీ బంకులో అందరికీ గాజు గ్లాసు, నాయనకు మాత్రం పేపర్ కప్పు. ఆశా అక్కే పోయి, ఇది రక్తంతో తప్ప ఎంగిలితో అంటదని నలుగురిలో గట్టిగా చెప్పింది. మర్నాటి నుంచి గ్లాసు వచ్చింది. సెలూన్ అన్న అయితే ఎవరూ చెప్పకుండానే నాయన ముందు కొత్త బ్లేడు విప్పి, పని అయ్యాక పాతదాన్ని కాగితంలో చుట్టి డబ్బాలో వేసేవాడు. నాయన ఒక్కడికే కాదు, ఇప్పుడు అందరికీ అంతే చేస్తున్నాడు.

హెర్నియా ఆపరేషన్ వచ్చే నెల పెద్దాసుపత్రిలోనే. జబ్బు తగ్గినా కార్డు టెస్టులో ఇకపైనా పాజిటివ్ అనే వస్తుందట, అందుకే వైరల్ లోడ్ రిపోర్టు జిరాక్సులు తీసి పెట్టుకోమని ల్యాబ్ తమ్ముడు చెప్పాడు, తీయించాం. మన వైపు ఎవరింట్లోనైనా ఇట్లాంటి రిపోర్టు వచ్చి ఉంటే మొహమాటపడకుండా మెసేజ్ పెట్టండి. ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలో, ఏ కాగితాలు తీసుకుపోవాలో నేను చెబుతా.